మాట ముద్దగా వస్తే

గొంతు బాగాలేదంటూ చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లను కళ్లు మూసుకుని విన్నా రెండు గుంపులుగా విడదీయొచ్చు. ఒక గుంపుది బొంగురు గొంతు. పెళ్లిలో అరిచి అరిచో, జలుబు కిందికి దిగో మాట గరగరలాడుతుంది. కొన్ని అక్షరాల దగ్గర గాలి తప్ప శబ్దం రాదు. రెండో గుంపు గొంతులో ఆ గరగర ఉండదు. నాదం పలుకుతూనే ఉంటుంది. కానీ నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు మాట ముద్దగా, మందంగా వస్తుంది. ‘నీళ్లు’ అంటే ‘ఈ’ సాగదు, ‘గుటక’ అంటే ‘గ’ మునిగిపోతుంది.

ఇంట్లోవాళ్లు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. గొంతు పట్టేసింది, మిరియాల పాలు తాగు, ఉప్పునీళ్లు పుక్కిలించు, రెండ్రోజుల్లో అదే తగ్గుతుంది అంటారు. బొంగురు గొంతు విషయంలో ఆ మాట చాలావరకు నిజం. మూడు వారాలు దాటినా తగ్గకపోతే తప్పక చూపించుకోవాలి గానీ, ఆ రాత్రికి ఆ రాత్రే పరుగెత్తాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. జ్వరం, గొంతునొప్పి ఉన్న మనిషి మాట ముద్దగా మారితే మాత్రం లెక్క వేరు. అది స్వరతంత్రుల గొడవ కాదు. వాటికి పైన, ఊపిరీ అన్నమూ కలిసి నడిచే దారిలో ఎక్కడో వాపు వచ్చి చోటు తగ్గిపోతోందని అర్థం. చోటు తగ్గడం మొదలైతే ఎంతవరకు తగ్గుతుందో ఇంట్లో కూర్చుని చెప్పగలిగేవాళ్లు లేరు.

వాపు ఎక్కడుందో మాటను బట్టి ఎలా తెలుస్తుంది? సన్నాయి వాయించేవాళ్లను దగ్గరగా చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పెదవుల మధ్య ఉండే చిన్న పీక అదిరితే నాదం పుడుతుంది. దాన్ని సన్నాయి నాదంగా మలిచేది మాత్రం కింద ఉన్న గొట్టం. పీక చెడితే ఒక రకం అపశబ్దం, గొట్టంలో గుడ్డ కుక్కితే ఇంకో రకం. మనిషి గొంతూ అంతే. స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు మగవారిలో సెకనుకు సుమారు 100 నుంచి 125 సార్లు, ఆడవారిలో 200 సార్లు, చిన్నపిల్లల్లో 300 సార్లు అదురుతాయి. అక్కడ పుట్టేది ఒట్టి రొద. దాన్ని ‘ఆ’గానో ‘ఈ’గానో తీర్చేది ఆ పైనున్న గ్రసని, నోరు, ముక్కు. వయసు వచ్చిన మగవాడిలో స్వరతంత్రుల నుంచి పెదవుల దాకా ఈ దారి పొడవు 17 సెంటీమీటర్లు ఉంటుంది. నాలుక కదిలినప్పుడల్లా ఈ గొట్టం ఆకారం మారి కొన్ని ధ్వనులు పెద్దవవుతాయి, కొన్ని అణగిపోతాయి. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఫాంట్ 1960లో వెలువరించిన పుస్తకంతో, నాదం ఒకచోట పుడుతుంది, అక్షరం మరోచోట రూపుదిద్దుకుంటుంది అన్న ఈ లెక్క స్థిరపడింది.

‘ఈ’ అనేటప్పుడు నాలుక ముందుకీ పైకీ జరుగుతుంది. దాంతో వెనక గ్రసనిలో చోటు విశాలమవుతుంది. ఆ చోటులోకి ఒక పక్కనుంచి చీముగడ్డ పొడుచుకొచ్చిందనుకోండి, నాలుక కదలడానికే నొప్పి అనుకోండి, ‘ఈ’లోని పదును పోతుంది. మన వర్ణమాలను నేర్పే పంతుళ్లు కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని వెనక నుంచి ముందుకు వరస పెట్టి చెబుతారు. గొంతు వెనక వాచిన మనిషి చేత ఆ వరసనే చదివిస్తే తేడా తెలిసిపోతుంది. ‘ప, బ, మ’ పెదవుల దగ్గర పుడతాయి కాబట్టి ఉన్నంతలో బాగానే వస్తాయి. నాలుక వెనక భాగం అంగిటిని తాకాల్సిన ‘క, గ’లు నలిగిపోతాయి. పైగా తెలుగులో మాటలు ఎక్కువగా అచ్చులతోనే ముగుస్తాయి. అచ్చు చెడితే ప్రతి మాట చివరా వినిపిస్తుంది.

ఇంగ్లిష్ వైద్య గ్రంథాలు ఈ ముద్ద మాటను ‘హాట్ పొటాటో వాయిస్’ అంటాయి, నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడే గొంతు అని. తరతరాలుగా వైద్య విద్యార్థులు ఆ పేరును వల్లెవేస్తూ వచ్చారు. బ్రిటన్‌లో ముగ్గురు వైద్యులు మాత్రం అది నిజమో కాదో చూద్దామని నిజంగానే వేడి దుంపలు తెప్పించారు. టాన్సిల్ చుట్టూ వాపు వచ్చిన రోగుల అచ్చులను ఒకవైపు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నోట్లో వేడి దుంప పెట్టుకుని పలికిన అచ్చులను మరోవైపు రికార్డు చేసి పోల్చారు. 2006లో ‘జర్నల్ ఆఫ్ వాయిస్’లో ఫలితం ప్రకటించారు: రెండూ ఒకటి కావు, పేరు తప్పు. దుంప నోటి ముందు భాగాన్ని ఆక్రమిస్తుంది, జబ్బు గొంతు వెనక భాగాన్ని ఆక్రమిస్తుంది. ఇంత చిన్న ప్రశ్న వేసి, ఇంత ఓపికగా జవాబు వెతకడంలోనే విజ్ఞానశాస్త్రం అందం ఉంది.

టాన్సిల్ చుట్టూ వచ్చిన అలాంటి వాపులో చీము చేరితే అది టాన్సిల్ పక్కన చీముగడ్డ, పాత వైద్యుల మాటలో ‘క్విన్సీ’. ముద్ద మాటకు ఎక్కువగా కనిపించే కారణాల్లో ఇదొకటి. టాన్సిల్‌ను చుట్టి ఉండే పొరకూ దాని వెనకున్న గొంతు కండరానికీ మధ్య, సాధారణంగా పైభాగంలో చీము చేరుతుంది. ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్యవారికి వస్తుంది. నాలుగైదు రోజుల గొంతునొప్పి తగ్గుతున్నట్టే తగ్గి ఒకవైపుకు చేరుతుంది. అదే వైపు చెవిలో పోటు. గుటక పడదు, ఉమ్మి మింగలేక గిన్నెలో ఉమ్ముతూ కూర్చుంటారు. దవడ కండరం బిగుసుకుని నోరు రెండు వేళ్ల సందు కూడా తెరుచుకోదు. ఆ కొద్ది సందులోంచి టార్చి వేసి చూస్తే, ఒకవైపు అంగిలి ఎర్రగా ఉబ్బి కొండనాలుకను రెండోవైపుకు నెట్టేసి ఉంటుంది.

వైద్యం చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. గొంతు మొద్దుబారే మందు కొట్టి, సిరంజికి సూది తగిలిస్తారు. అయితే ఆ సూదిని ఉన్నదున్నట్టు వాడరు. సూది మూతను కొసన కత్తిరించి మళ్లీ తొడుగుతారు, ఒక సెంటీమీటరు సూది మాత్రమే బయటికి కనిపించేలా. ఎందుకంటే టాన్సిల్ వెనక, కాస్త పక్కగా, మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని ఉంటుంది. చెయ్యి జారినా సూది అక్కడిదాకా వెళ్లకూడదు. సరైన చోట గుచ్చితే సిరంజిలోకి చిక్కటి పసుపు చీము కొన్ని మిల్లీలీటర్లు దిగుతుంది. అంత కొంచెం చీము పోగానే చాలామందికి అక్కడికక్కడే మాట తేటపడుతుంది, మంచినీళ్లు గుటక వేయగలుగుతారు. యాంటీబయాటిక్స్ తర్వాతి పని చూసుకుంటాయి.

క్విన్సీ బాధాకరమే గానీ వేళకు చూపిస్తే లొంగుతుంది. ఇంకా కింద, స్వరపేటిక గుమ్మం దగ్గర వచ్చే వాపు వేరే రకం. అక్కడ ఉపజిహ్విక అనే ఆకులాంటి మెత్తటి ఎముక ఉంటుంది. మింగేటప్పుడు అది వాలి, అన్నం వాయునాళంలోకి పోకుండా చూస్తుంది. దానికి సూక్ష్మక్రిములు సోకితే గంటల్లో ఉబ్బుతుంది. మెడను పక్కనుంచి ఎక్స్‌రే తీస్తే మామూలుగా సన్నగా కనిపించేది బొటనవేలి కొసంత లావుగా కనిపిస్తుంది. వైద్యులు దాన్ని ‘బొటనవేలి గుర్తు’ అనే పిలుస్తారు.

దారి ఇరుకైతే ఏమవుతుందో ఒక లెక్క చెబుతుంది. గొట్టం వ్యాసార్థం సగమైతే, నిదానంగా సాగే గాలికి కూడా అడ్డు రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. పసిబిడ్డ ఊపిరి దారి అతి ఇరుకైన చోట వెడల్పు 4 మిల్లీమీటర్లనుకుంటే, చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు చాలు అది 2 మిల్లీమీటర్లు కావడానికి. అదే ఒక్క మిల్లీమీటరు వాపు 8 మిల్లీమీటర్ల దారిలో వస్తే అడ్డు మూడు రెట్ల పైచిలుకు. పెద్దవాళ్లు తట్టుకునే వాపు పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఇందుకే.

పెద్దవాళ్లయినా అన్నిసార్లూ తట్టుకోలేరు. 1799 డిసెంబరు 12న అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ వర్జీనియాలోని మౌంట్ వెర్నన్‌లో తన పొలాలన్నీ గుర్రం మీద తిరిగి చూశాడు. మంచు, వడగళ్లు, చలివాన. తడిబట్టలతోనే భోజనానికి కూర్చున్నాడు. మర్నాడు గొంతునొప్పి మొదలైంది, సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. అయినా వార్తాపత్రికల్లోంచి నచ్చిన ముక్కలు బయటికి చదువుతూనే ఉన్నాడు. మందు వేసుకోమని కార్యదర్శి టోబియాస్ లియర్ అడిగితే వద్దన్నాడు. 14వ తేదీ తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య భార్య మార్తాను లేపాడు. అప్పటికి మాట రావడమే కష్టమైంది, ఊపిరి ఆడటం లేదు. చలిలో లేస్తే ఆమెకు జబ్బు చేస్తుందని, తెల్లవారి కరోలిన్ అనే బానిస స్త్రీ నిప్పు రాజేయడానికి వచ్చేదాకా ఆమెను లేవనివ్వలేదు.

ఆ తర్వాత జరిగింది లియర్ రాసి పెట్టాడు కాబట్టి గంట గంటకూ తెలుసు. బెల్లపు పాకం, వెనిగర్, వెన్న కలిపి ఇస్తే ఒక్క చుక్క మింగలేక ఉక్కిరిబిక్కిరయ్యాడు. వెనిగర్‌తో పుక్కిలించమంటే దాదాపు ఊపిరి ఆగింది. పొలాల పర్యవేక్షకుడు ఒకసారి రక్తం తీశాడు, పాత మిత్రుడైన డాక్టర్ జేమ్స్ క్రెయిక్ వచ్చి మళ్లీ తీశాడు. మధ్యాహ్నానికి మరో ఇద్దరు వైద్యులు వచ్చారు, గస్టావస్ బ్రౌన్, ఎలైషా డిక్. రోజు మొత్తం మీద రెండు లీటర్లకు పైగా రక్తం తీశారని నేటి అంచనా.

ముగ్గురిలో చిన్నవాడు డిక్, 37 ఏళ్లు. ఇది క్విన్సీ కాదు, గొంతు లోపలి పొరలకు వచ్చిన తీవ్రమైన వాపు, ఇక రక్తం తీయొద్దు అన్నాడు. మెడ ముందు భాగంలో వాయునాళానికి చిన్న రంధ్రం చేసి గాలి అందిద్దామన్నాడు. పెద్దవాళ్లిద్దరూ ఒప్పుకోలేదు. వాషింగ్టన్ ఆ రాత్రి పది, పదకొండు గంటల మధ్య చనిపోయాడు. కొద్ది రోజులకే బ్రౌన్ క్రెయిక్‌కు ఉత్తరం రాస్తూ, రక్తం విషయంలో డిక్ చెప్పినట్టు చేసి ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. రెండు వందల ఏళ్ల తర్వాత 1999లో వైద్యుడు డేవిడ్ మోరెన్స్ ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఆ లక్షణాలన్నీ తిరగేసి చూసి, ఉపజిహ్విక వాపే ఎక్కువగా సరిపోతుందన్నాడు.

డిక్‌ను కాదన్నవాళ్లను మరీ నిందించలేం. మెడకు రంధ్రం చేయడం ఆనాడు పుస్తకాల్లో ఉన్నా, చేసి బతికించినవాళ్లు అతి తక్కువ. దేశాధ్యక్షుడిగా చేసిన మనిషి మెడ మీద కత్తి పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఫ్రాన్స్‌లోని టూర్ నగరంలో వైద్యుడు పియర్ బ్రెటొన్నో కంఠసర్పితో, అంటే డిఫ్తీరియాతో, చావుకు దగ్గరైన ఒక బాలిక మెడకు రంధ్రం చేసి బతికించింది 1825లో. వాషింగ్టన్ పోయి అప్పటికి పాతికేళ్లు దాటింది.

ఉపజిహ్విక వాపు నిన్నమొన్నటిదాకా ప్రధానంగా పిల్లల జబ్బు. దానికి ముఖ్య కారణం హిబ్ అని పిలిచే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి అనే క్రిమి. దీనికి టీకా వచ్చిన దేశాల్లో పిల్లల్లో ఈ జబ్బు దాదాపు మాయమైంది, ఇప్పుడు కనిపించేది ఎక్కువగా పెద్దవాళ్లలో. మనదేశంలో 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులతో మొదలైన పెంటావలెంట్ టీకాలో హిబ్ టీకా కలిసే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆశా కార్యకర్తలు గుర్తుచేసి మరీ పసిపిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయించే సూది అదే. పెద్దవాళ్లలో దీనికొక మోసం ఉంది. గొంతు విపరీతంగా నొప్పి, గుటక పడదు, మాట ముద్దగా ఉంటుంది, కానీ నోరు తెరిచి టార్చి వేస్తే ఏమీ కనిపించదు. వాపు అంత కిందికి ఉంటుంది. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపితే తప్ప బయటపడదు. గొంతు చూస్తే బాగానే ఉంది, మాట మాత్రం బాగాలేదు అన్నప్పుడు మాటనే నమ్మాలి.

మన ప్రాంతంలో ఇంకో దారి కూడా తరచుగా కనిపిస్తుంది, అది పిప్పిపన్ను. కింది దవడలో చివరి దంతాల వేర్ల దగ్గర చేరిన చీము నాలుక కిందికి పాకితే నోటి అడుగు అంతా గట్టిపడి, నాలుక పైకీ వెనక్కీ లేస్తుంది. గడ్డం కింద చెయ్యి పెడితే చెక్కలా తగులుతుంది. నాలుకే మాటను మింగేస్తుంది. 1836లో జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ వర్ణించాడు కాబట్టి దీన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది సోకిన వాళ్లలో సగానికి పైగా చనిపోయేవారు. మధుమేహం అదుపులో లేనివాళ్లలో ఇది మరింత వేగంగా పాకుతుంది. పన్నునొప్పికి నొప్పి బిళ్లలు మింగుతూ వారాలు గడిపేసిన మనిషికి గడ్డం కింద వాచి మాట మారిందంటే, ఇక చూడాల్సింది పంటి డాక్టరు అపాయింట్‌మెంటు కోసం కాదు, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రి కోసం.

కంఠసర్పి మాటను రెండుసార్లు మారుస్తుంది. మొదటిసారి జబ్బు ముదిరినప్పుడు. టాన్సిల్స్ మీద బూడిదరంగు పొర కడుతుంది, గీకితే రక్తం వస్తుంది, మెడ ఎద్దు మెడలా వాస్తుంది, మాట ముద్ద కడుతుంది. పొర స్వరపేటికలోకి దిగితే బొంగురు కూడా తోడవుతుంది. రెండోసారి, వారాల తర్వాత, పిల్లాడు కోలుకున్నాడని అందరూ ఊపిరి పీల్చుకున్నాక. క్రిమి వదిలిన విషం అంగిటి నరాలను దెబ్బతీస్తే మాట ముక్కులోంచి వస్తుంది, తాగిన నీళ్లు ముక్కులోంచి బయటికొస్తాయి. వాపు లేదు, పొర లేదు, అయినా మాట మారింది. నరాలు కోలుకుంటే ఇది చాలావరకు దానంతటదే పోతుంది గానీ, అదే విషం గుండెను కూడా తాకుతుంది కాబట్టి ముక్కుమాట విన్న వైద్యుడు ఈసీజీ తీయిస్తాడు.

సుశ్రుత సంహిత నిదానస్థానంలో నోటి, గొంతు రోగాల జాబితాలో గొంతులో మొలకెత్తి దారి మూసి ప్రాణం తీసే ‘రోహిణి’ ఉంది. ఇది కంఠసర్పే కావచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. అంత పాత జబ్బు. ఎమిల్ ఫాన్ బేరింగ్ దానికి విరుగుడు సీరమ్ కనిపెట్టి 1901లో మొట్టమొదటి వైద్య నోబెల్ అందుకున్నాడు. హైదరాబాద్ వాళ్లు ‘కోరంటి దవాఖానా’ అని పిలుచుకునే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఈ జబ్బు ఈ శతాబ్దంలోనూ కనిపించింది. పసితనంలో వేసిన టీకా రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఏడాదిన్నర వయసులో, అయిదేళ్లకు, తర్వాత పదేళ్లకు, పదహారేళ్లకు మళ్లీ వేస్తారు. చివరి రెండు సూదులు బడికి వెళ్లే వయసులో వస్తాయి కాబట్టే చాలా ఇళ్లలో మరుగున పడతాయి.

ఇంట్లో ఎవరికైనా జ్వరంతో మాట ముద్దగా మారితే గమనించాల్సినవి కొన్నే. ఉమ్మి మింగలేక చొంగ కారుతోందా? పడుకోలేక, ముందుకు వంగి చేతులు ఆనించి గడ్డం ముందుకు చాచి కూర్చుంటున్నారా? ఊపిరి పీల్చినప్పుడు కీచుమనే చప్పుడు వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయాల్సిందే. చిన్నపిల్లలైతే గొంతులో ఏముందో చూద్దామని నాలుకను చెంచాతో నొక్కకూడదు. ఏడిపిస్తే వాచిన దారి పూర్తిగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. బలవంతంగా పడుకోబెట్టకూడదు, కషాయాలు పట్టించకూడదు. ఎలా కూర్చుంటే ఊపిరి ఆడుతోందో అలాగే, తల్లి ఒళ్లోనే తీసుకెళ్లాలి. ఆసుపత్రిలో కూడా అలాంటి బిడ్డను మత్తు డాక్టరు, గొంతు డాక్టరు ఇద్దరూ సిద్ధంగా ఉన్నచోటే పరీక్షిస్తారు, అవసరమైతే ఆ క్షణమే గొట్టం వేయగలిగేలా.

ఈ తేడాను మొదట పసిగట్టేది సాధారణంగా డాక్టరు కాదు. రోజూ ఆ గొంతు వినేవాళ్లు. హాస్టల్లో ఉన్న కొడుకు ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడగానే ‘ఏంట్రా, నోట్లో ఏం పెట్టుకున్నావు?’ అని అడిగే తల్లి దగ్గర ఆ కుర్రాడి మామూలు గొంతు ఎలా ఉంటుందో అన్న జ్ఞాపకం ఉంది. ఎమర్జెన్సీ గదిలో తొలిసారి చూసే వైద్యుడి దగ్గర అది లేదు. అందుకే అనుభవమున్న వైద్యులు వెంట వచ్చినవాళ్లను ‘ఇది ఈయన మామూలు గొంతేనా?’ అని అడుగుతారు.

ఆ పనిని యంత్రానికి నేర్పించే ప్రయత్నాలూ మొదలయ్యాయి. జపాన్‌లో కొందరు గొంతు వైద్యులు, ఊపిరి దారి వాచిన రోగుల చేత అచ్చులు పలికించి రికార్డు చేసి, వాటిని ఆరోగ్యవంతుల అచ్చుల నుంచి కంప్యూటర్ వేరుచేయగలదా అని చూశారు. చాలావరకు చేయగలదని 2019లో ‘లారింగోస్కోప్’ పత్రికలో రాశారు. ఫోన్‌లో రికార్డు చేసిన గొంతు విని ఎవరిని ముందు చూడాలో చెప్పే సాధనం దీన్నుంచి రావొచ్చని వాళ్ల ఆశ. దగ్గరలో గొంతు డాక్టరు లేని మండలాల్లో, రాత్రిపూట ఒక్క నర్సు మాత్రమే ఉండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అలాంటిది పనికొస్తుంది. రోగిని అక్కడే ఉంచాలా, అంబులెన్స్ ఎక్కించాలా అన్నది ఆ నర్సు అక్కడికక్కడే తేల్చాలి.